కుదుపు లేని గుర్రం

గుర్రపు స్వారీ సినిమాలో కనిపించినంత సుఖంగా ఉండదు. ట్రాట్ అనే మామూలు పరుగులో గుర్రం కుడి ముందుకాలు, ఎడమ వెనుకకాలు కలిపి వేస్తుంది. ఆ వెంటనే రెండో జత. జత మారే క్షణంలో నాలుగు కాళ్లూ గాలిలోనే ఉంటాయి. నేలకు దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ రౌతు నడుముకు తగులుతుంది.

ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియస్ కొండల్లో తిరిగే పొట్టి గుర్రాలు, అస్తూర్కోన్‌లు, ఇలా కాదట. ఒక పక్క కాళ్లు, తరువాత రెండో పక్క కాళ్లు చాపుతూ మెత్తగా సాగుతాయని రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రాశాడు. మన నిఘంటువులు గుర్రపు నడకలను పంచధారలని విడదీసి పేర్లు పెట్టాయి. ప్లినీ మాత్రం ఈ ఒక్క నడక దగ్గరే ఆగి ముచ్చటపడ్డాడు.

స్పెయిన్ గుర్రాలంటే ఒంపు తిరిగిన మెడతో రాజుల చిత్రపటాల్లో నిలబడే ఆందలూసియన్లే అందరికీ గుర్తొస్తాయి. సముద్రం దాటి బతికింది మాత్రం ఈ సౌమ్యమైన నడక అని నాకనిపిస్తుంది. అమెరికా ఖండాల్లో సుమారు 10,000 ఏళ్ల కిందట అంతరించిన గుర్రం, 1493లో కొలంబస్ రెండో యాత్రలో ఓడ దిగింది. యూరప్‌లో రోడ్లు బాగుపడి బండ్లు పెరిగాక మెత్తని నడకకు గిరాకీ తగ్గింది. పెరూలో అలా జరగలేదు. చెరకు, పత్తి తోటలను పొద్దంతా గుర్రం మీదే చుట్టి రావలసిన భూస్వాములకు నడుము నొప్పి పుట్టించని గుర్రమే కావాలి. అక్కడి పాసో జాతి పిల్లకు ఈ నడక ఎవరూ నేర్పరు, పుట్టుకతోనే వస్తుంది.

పుట్టుకతో వచ్చేదైతే జన్యువుల్లో ఆనవాలు ఉండాలి కదా. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో ఒక బృందం దాన్ని పట్టుకుంది. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, దాని ప్రోటీన్ మధ్యలోనే తెగిపోతుంది. వెన్నుపాములో కాళ్ల కదలికలను సమన్వయం చేసే నాడీకణాల తీరు మారి, ట్రాట్ కాని నడకలకు దారి దొరుకుతుంది. పెరూవియన్ పాసో గుర్రాల్లోనూ, మెత్తని నడకకే పేరుపడ్డ మరో లాటిన్ అమెరికా జాతి పాసో ఫీనోలోనూ ఈ మార్పు బాగా వ్యాపించి ఉంది.

అలాగని ప్లినీ చూసిన నడకకూ ఇదే కారణమని తేల్చేయకూడదు. 2016లో ప్రచురితమైన పురాతన డీఎన్‌ఏ పరిశోధనలో ఈ మార్పు దొరికిన అతి పాత గుర్రాలు ఇంగ్లాండులోవి, అవీ 9వ శతాబ్దానివి. ప్లినీ చనిపోయింది 79లో. పైగా ఈ మార్పు లేకుండానే మెత్తగా నడిచే గుర్రాలూ ఉన్నాయి.

పాసో ఫీనో పోటీల్లో మైదానం మధ్య ఒక చెక్కబల్ల పరుస్తారు. గుర్రం చిన్న చిన్న అడుగులతో దాని మీదుగా వెళుతుంటే, నాలుగు డెక్కల చప్పుడు ఎక్కడా లయ తప్పకుండా వస్తోందో లేదోనని న్యాయనిర్ణేతలు చెవులు రిక్కించి వింటారు.