తొమ్మిదో నంబరు చెప్పే దిక్కు

ఓసారి తుఫాను రోజుల్లో నాగాయలంక దగ్గర మా చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఆయన గొంతులో ఏ టెన్షనూ లేదు. "రేవులో తొమ్మిదే ఎగరేశార్రా. పది కాదు గదా! నువ్వేం కంగారుపడకు" అన్నాడు. రేడియోలో ప్రమాద హెచ్చరికలు వింటూ పెరిగిన మనిషి. నంబరు పెరిగితే ముప్పు పెరిగినట్టు, ఒకటి తగ్గితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనేది ఆయన లెక్క. చాలా ఏళ్లు నా లెక్కా అదే. అది సగమే నిజమని తెలిసిన దగ్గర్నుంచి, తుఫాను మాటొస్తే ఎవరికైనా ముందు ఈ సంగతే చెబుతున్నాను.

ఆ నంబర్లు ఓడల కోసం పుట్టినవి. రేవులో స్తంభానికి పగలైతే శంకువు, పీపా ఆకారాలు వేలాడదీస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు వెలిగిస్తారు. ఒకటీ రెండూ సముద్రంలో దూరంగా వాయుగుండమో తుఫానో ఉందని చెప్పేవి. మూడూ నాలుగూ రేవుకే ఈదురుగాలులు తగలొచ్చనేవి. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. 5, 6, 7 తుఫానుకి. 8, 9, 10 తీవ్ర తుఫానుకి. ఈ మూడేసి నంబర్ల మధ్య తేడా బలంలో కాదు, దిక్కులో. ఎనిమిది అంటే తుఫాను వెళ్లే దారికి రేవు ఎడమవైపు ఉంటుందని. తొమ్మిది అంటే కుడివైపు ఉంటుందని. పది అంటే తుఫాను రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుందని. తుఫాను వెనకాల నిలబడి అది పోయే వైపు చూస్తున్నామనుకుంటే, మన కుడిచేతి పక్క కుడి, ఎడమచేతి పక్క ఎడమ.

అంటే ఎనిమిదికీ తొమ్మిదికీ ఉన్న తేడా పరీక్షలో ఒక మార్కు తేడా లాంటిది కాదు. మన తీరంలో అది నీళ్లు ఊళ్లోకి రావడానికీ, ఊరి ముందు నుంచి వెనక్కి పోవడానికీ ఉన్న తేడా.

ఎందుకంటే మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతంలో పుట్టి పడమరకో వాయవ్యానికో వచ్చే తుఫానుకి కుడివైపు అంటే ఉత్తరపు పక్క. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. పైగా తుఫాను ముందుకొచ్చే వేగం కూడా ఆ గాలికి తోడవుతుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి నీరు ఒడ్డు విడిచి లోపలికి పోతుంది. తుఫాను మధ్యలో గాలి ఒత్తిడి తగ్గడం వల్ల సముద్రం ఉబుకుతుందని చాలామంది అనుకుంటారు. ఉబికే మాట వాస్తవమే, కానీ ఒక మిల్లీబారు తగ్గితే లేచేది సుమారు ఒక సెంటీమీటరు నీరు. 60, 70 మిల్లీబార్లు తగ్గినా రెండు, రెండున్నర అడుగులు. ఊళ్లను ముంచేది గాలి తోసుకొచ్చిన నీరు.

1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. కానీ ఆ తుఫానుని చీరాల తుఫాను అని మనమెవరం అనం. దివిసీమ ఉప్పెన అనే అంటాం. చీరాల నుంచి దివిసీమలోని నాగాయలంకకి సూటిగా కొలిస్తే 60 కిలోమీటర్ల పైమాటే. అయినా సుమారు 5 మీటర్ల ఎత్తున నీరొచ్చి పడింది దివిసీమ మీద. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే మృతులు సుమారు 10,000. దివిసీమ ఆ తుఫాను దారికి కుడివైపున ఉంది. దానికి తోడు కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రుతో అక్కడి సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ. గాలి తోసిన నీరు లోతున్న చోట కింద నుంచి వెనక్కి జారిపోగలదు. లోతు లేని చోట ఆ వీలు లేదు. పైకి లేచి ఒడ్డు మీద పడాల్సిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. నగరంలో పచ్చని చెట్టు మిగల్లేదు. కానీ రేవులో ఉప్పెన ఎత్తు సుమారు 1.4 మీటర్లే. విశాఖ దగ్గర సముద్రం ఒడ్డు నుంచే త్వరగా లోతుకి దిగిపోతుంది. ఎంత బలమైన తుఫాను అని అడిగితే సరిపోదు, ఏ ఒడ్డు మీదికి వస్తోందో కూడా అడగాలి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో కంప్యూటర్లు చేసేది ఈ పనే. సముద్రం లోతుల పటం మీద రాబోయే గాలిని నడిపించి, ఏ మండలం మీదికి ఎంత ఎత్తు నీరొస్తుందో లెక్కగడతాయి.

ఇక ఎనిమిదో తొమ్మిదో ముందుగా తేల్చేదెలా? తుఫాను నడిసముద్రంలో ఉన్నంతకాలం ఆధారం ఉపగ్రహమే. శ్రీహరికోట నుంచి 2016లో వెళ్లిన ఇన్సాట్-3డీఆర్, 2024లో వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ కక్ష్యలోంచి మేఘాల ఫొటోలు పంపుతాయి. అమెరికాలో తుఫాను లోపలికే విమానాలు పంపి గాలిని కొలుస్తారు. మన దగ్గర మేఘం రూపాన్ని బట్టే బలం అంచనా వేస్తారు. మేఘపు పట్టీ కేంద్రం చుట్టూ ఎంత చుట్టుకుంది, మధ్యలో కన్ను (మేఘాల్లేని ఖాళీ) తెరుచుకుందా, కన్ను చుట్టూ మేఘాల తలలు ఎంత చల్లగా ఉన్నాయి అని చూసి ఒక అంకె ఇస్తారు. అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. మనిషి కన్ను చేసే ఈ పని మీద నాకు ఇప్పటికీ గొప్ప గౌరవం.

తీరానికి దగ్గరయ్యాక మచిలీపట్నం, విశాఖల్లోని డాప్లర్ రాడార్లు అందుకుంటాయి. రాడార్ పంపిన తరంగం వాన చినుకుకి తగిలి తిరిగొస్తుంది. చినుకు మనవైపు వస్తుంటే తరంగం కాస్త దగ్గరపడి, దూరంగా పోతుంటే కాస్త సాగి వస్తుంది. స్టేషన్లోకి వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినిపించడం లాంటిదే. తెర మీద తుఫాను రెండు రంగులుగా చీలిపోతుంది. ఒక పక్కంతా మనవైపు వస్తున్న గాలి, ఇంకో పక్కంతా మన నుంచి పోతున్న గాలి. ఆ రెండు రంగులూ పక్కపక్కన చిక్కగా తగిలే చోట కేంద్రం ఉంటుంది. ఏ రంగు ఎంత ముదురుగా ఉంటే గాలి అంత జోరు. మొదటిసారి అలాంటి బొమ్మని చూసినప్పుడు, చిన్నప్పుడు పెద్దవాళ్లు "గాలి తిరిగింది" అన్న మాట కళ్ల ముందు కనిపించినట్టయింది.

దారి ముందే చెప్పడం వేరే పని. ఒకే తుఫానుని కొద్దికొద్ది మార్పులతో పదుల సార్లు కంప్యూటర్లో నడిపిస్తారు. ఆ గీతలన్నీ ఒకే చోట గుమిగూడితే నమ్మకం ఎక్కువ, విసనకర్రలా విచ్చుకుంటే తక్కువ. టీవీలో ముందుకెళ్లే కొద్దీ వెడల్పయ్యే ఆ మబ్బు రంగు పట్టీని మాత్రం గత అంచనాల్లో వచ్చిన సగటు తప్పుల్ని బట్టి గీస్తారు. తుఫాను సైజు కాదది, కేంద్రం ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పే హద్దు. ఇప్పుడు 24 గంటల ముందు ఇచ్చే అంచనాలో కేంద్రం స్థానం సగటున 70, 80 కిలోమీటర్లు అటూఇటూ అవుతోంది. పాతికేళ్ల కిందటితో పోలిస్తే చాలా మెరుగు. అయినా ఆ 70 కిలోమీటర్లని తీరం మీద పెట్టి చూడండి. దాదాపు చీరాలకీ నాగాయలంకకీ ఉన్నంత దూరం. అంచనా బాగానే ఉన్నా, మీ ఊరు ఎడమ నుంచి కుడికి మారిపోవడానికి అది చాలు. అందుకే ఆఖరి గంటల్లో రేవు నంబరు మారుతుంది. అలా మారినప్పుడు వాతావరణ శాఖ తడబడిందని విసుక్కునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మారిన నంబరే అన్నిటికన్నా తాజా సమాచారం.

ఇంకొకటి. నంబరు రేవుకి ఇచ్చేది, మీ ఊరికి కాదు. నిజాంపట్నంలో పది, మచిలీపట్నంలో తొమ్మిది ఉన్నాయనుకుందాం. రెంటికీ మధ్యలో ఉన్న నాగాయలంక తుఫాను దారికి కుడివైపున, కేంద్రానికి మచిలీపట్నం కంటే దగ్గరగా ఉన్నట్టు. ఆ తొమ్మిదిని చూసి నిశ్చింతగా కూర్చుంటే ఎలా? చిన్నాన్నకి ఆ రోజు ఫోన్లోనే ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిన్నిని పిలిచి గొడ్ల కట్లు విప్పమన్నాడు.

ఈ వరసలో పదకొండో నంబరు కూడా ఒకటుంది. తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ముప్పు మాత్రం ఉందని రేవు అధికారి అనుకుంటున్నాడు అని దానర్థం. టవర్లు పడిపోయి ఫోన్ మూగబోతే మన పరిస్థితీ అదే. అప్పుడు వీచే గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి పక్కకి చాపండి. తుఫాను కేంద్రం ఆ చేతివైపు, కాస్త ముందుకి ఉంటుంది. తీరంలో సాధారణంగా మొదట వచ్చేది ఈశాన్యపు గాలి. అది మెల్లగా ఉత్తరానికి, వాయవ్యానికి తిరుగుతుంటే మీరు ఎడమవైపున ఉన్నారు. దిక్కు మారకుండా జోరు మాత్రమే పెరుగుతుంటే కేంద్రం మీ మీదికే వస్తోంది. తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే మీది కుడివైపు. సముద్రం మీ ఊరి మీదికి వచ్చే ముప్పు అప్పుడే ఎక్కువ. అయితే గాలి తిరిగేదాకా చూస్తూ ఆగొద్దు. ఖాళీ చేయమని చెప్పిన పూటే, రోడ్డు మీద ఇంకా నీళ్లు రాకముందే, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని తుఫాను షెల్టర్‌కి చేరండి.