పైపు వేశాక పొట్ట సంగతి: సెరెబ్రల్ పాల్సీ పిల్లల ఆహారంపై అపోహలు - వాస్తవాలు

నేను డైటీషియన్‌ని. ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు వైపు నుంచి వచ్చే సీపీ (సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తప్పే సమస్య) పిల్లల ఆహారం చూస్తుంటాను. మింగలేని బిడ్డకి ముక్కులోంచో, పొట్టకి రంధ్రం పెట్టో ఆహారం పోసే పైపు వేయించుకున్న ఇళ్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటే, "పైపు వేశారు గదా మేడం, ఇంకా ఈ వాంతులేంది?" అని. పైపు మింగే కష్టాన్ని దాటిస్తుంది, అంతే. మెదడు దెబ్బతినడం వల్ల గొంతు కండరాల మీద అదుపు తప్పినట్టే చాలామంది పిల్లల్లో పొట్ట, పేగుల కదలిక కూడా మందగిస్తుంది, అది పైపుతో మారదు. కింద చెప్పేవాటిలో సగం గందరగోళం ఇక్కడి నుంచే పుడుతుంది.

అపోహ: పైపు వేశారంటే డాక్టర్లు ఆశ వదిలేసినట్టే.

ఐసీయూలో తాతకి వేసిన పైపు గుర్తొచ్చి భయపడతారు, అది సహజమే. కానీ పొట్టకి ఎండోస్కోపీతో పైపు పెట్టే పెగ్ పద్ధతి మొదలైందే ఒక పసిబిడ్డతో. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడెరర్, పాన్స్కీ అనే డాక్టర్లు చేశారు. రోజుకి మూడు గంటలకి పైగా తినిపించడంతోనే సరిపోతున్నా, బరువు పెరగకపోయినా, మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా పైపు గురించి మాట్లాడాల్సిందే. కొందరు పిల్లలకి ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు కూడా రాదు, కాబట్టి "మావాడికి పొలమారదు" అని ధీమాగా ఉండకండి. ముక్కు పైపు నాలుగైదు వారాలు దాటి అవసరమయ్యేట్టుంటే పొట్ట పైపు సంగతి డాక్టర్‌ని మీరే అడగండి. మింగడం పరీక్షించినవాళ్లు ఫర్వాలేదంటే నోటికి రొంత రుచి చూపించడం మానక్కర్లేదు.

అపోహ: రాగిజావ, పప్పుకట్టు పోస్తే చాలు, అంతకన్నా బలం ఏముంది?

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే పైపు ఉండి కూడా పిల్లలు ఎండిపోవడానికి నేను చూసే పెద్ద కారణం ఇదే. రాగుల్లో కాల్షియం ఎక్కువన్న మాట నిజమే. కానీ పైపులో దిగాలని జావని పల్చగా కాస్తాం, పది గ్రాముల పిండి గ్లాసుడు నీళ్లలో కాస్తే వచ్చేది ముప్పై చిల్లర కేలరీలు, అంటే ఒక టీస్పూన్ నూనెలో ఉన్నంత కూడా లేదు. పాపకి రోజుకి 800 కేలరీలు కావాలనుకుంటే ఆ లెక్కన 24 గ్లాసులు పోయాలి, ఏ పొట్ట పడుతుంది? పప్పుకట్టు కూడా అంతే, మాంసకృత్తులు పప్పులో ఉండిపోతాయి, పైన తేట మాత్రం బిడ్డకి పోతుంది.

పిండి ఎక్కువ వేస్తే జావ చిక్కబడి పైపు మూసుకుపోతుంది కదా అంటారు. దానికి మన ఇళ్లలోనే ఉపాయం ఉంది. రాగులు నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి పిండి ఆడించండి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. చిక్కగా కాచిన జావ గోరువెచ్చగా అయ్యాక ఈ పిండి ఒక చెంచా కలిపి కొన్ని నిమిషాలు ఉంచితే పల్చబడుతుంది, కేలరీలు మాత్రం తగ్గవు. తర్వాత ఇంకోసారి మరగనిచ్చి, చల్లార్చి, వడకట్టండి. మెత్తగా ఉడికిన పప్పు, పాలు, కొంచెం నూనె కలిపితే అది భోజనం అవుతుంది. నూనె బాగుంది కదా అని ఒంపేయొద్దు, కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ అవడం ఇంకా ఆలస్యమవుతుంది. సన్న ముక్కు పైపుకి ఇంటి తిండి చాలాసార్లు అడ్డుపడుతుంది, అలాంటప్పుడు వయసుకి తగ్గ ఫార్ములానే (బయట తయారుగా దొరికే ఆహారం) మేలు, ఖర్చు బాధ ఉన్నా చెప్పక తప్పదు. ఇంట్లో చేసింది బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటితే గంటే. మన నెల్లూరు ఎండల్లో ఆ గంటని కూడా నేను నమ్మను.

అపోహ: ఎంత ఎక్కువ పోస్తే అంత ఒళ్లు చేస్తుంది.

"సీపీ బిడ్డలు సన్నగానే ఉంటారు" అని వదిలేయడం ఒక తప్పు, పైపు వచ్చాక కసిగా పోయడం ఇంకో తప్పు. కదలిక తక్కువున్న పిల్లలకి తోటి పిల్లలకన్నా కేలరీలు తక్కువే కావాలి. మోతాదు దాటితే పెరిగేది కండ కాదు, కొవ్వు. తర్వాత ఎత్తుకోవాల్సింది అమ్మే.

అపోహ: వాంతి అవుతోందంటే తిండి పడలేదని.

తిండి మార్చేముందు సిరంజి చూడండి. ప్లంజర్‌తో (సిరంజిలో నెట్టే కడ్డీతో) ఐదు నిమిషాల్లో నెట్టేస్తే ఎవరికైనా వాంతి అవుతుంది. ప్లంజర్ తీసేసి, సిరంజి గొట్టం పైకెత్తి ఆహారాన్ని దానంతటదే దిగనివ్వండి. ఎత్తు తగ్గిస్తే నిదానిస్తుంది, ఇరవై ముప్పై నిమిషాలు పట్టనివ్వండి. తల, ఛాతీ 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, పోశాక అరగంట నుంచి గంట దాకా అలానే. పోయగానే ఫిజియోథెరపీ చేయించడం, ఉదయగిరి బస్సెక్కించడం వద్దు. ఇవన్నీ చేసినా ఆగకపోతే, వాంతిలో రక్తమో పచ్చటి పసరో కనిపిస్తే డాక్టర్ దగ్గరకే.

అపోహ: పోసేదంతా ద్రవమే, మలబద్ధకం ఎందుకొస్తుంది?

వస్తుంది, చాలా ఎక్కువగా వస్తుంది. నడక లేదు, పొట్ట కండరాల్లో పట్టు లేదు, పీచు లేదు, పైగా దాహం అని నోరు తెరిచి అడగలేని బిడ్డ. 12 కిలోల బిడ్డకి పాలు, జావ, మందులతో పోసే నీళ్లు అన్నీ కలిపి రోజుకి దాదాపు 1100 మిల్లీలీటర్లు అవసరం, వేసవిలో ఇంకా ఎక్కువ. చాలా ఇళ్లలో పైపు కడిగే నీళ్లు తప్ప విడిగా నీళ్లే పోయరు. పేగుల్లో మలం గట్టిపడి ఉంటే పైన వాంతులు కూడా పెరుగుతాయి, అందుకే వాంతులని వచ్చినవాళ్లని నేను ముందు విరేచనం గురించే అడుగుతాను. (కొందరు నవ్వుతారు.)

ఆముదం పట్టించడం మాత్రం ఆపండి. మింగడం సరిగా రాని బిడ్డ నోట్లోగానీ ముక్కులోగానీ వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే న్యుమోనియా అంత తేలిగ్గా తగ్గదు. లాక్టులోజ్‌లాంటి మందులున్నాయి, డాక్టర్ మోతాదు చెప్తారు.

అపోహ: పైపులోకి గాలి కొట్టినప్పుడు పొట్టలో గుడగుడమని వినపడితే ముక్కు పైపు సరైన చోటే ఉన్నట్టు.

ఆ శబ్దాన్ని నమ్మడానికి లేదు. ముక్కు దగ్గర పైపు మీది గుర్తు జరిగిందేమో చూసి, పైపులోంచి సిరంజితో బయటికి లాగిన ద్రవం పీహెచ్ పట్టీ (పులుపు, అంటే ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) మీద 5.5 లోపు ఉంటేనే పోయండి. పొట్ట పైపు ఊడితే రంధ్రం గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది, రేపు చూద్దాంలే అనొద్దు. కొత్తగా పెట్టిన వారాల్లో అయితే ఇంట్లో తోయడానికి ప్రయత్నించకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

అపోహ: ఫిట్స్ మాత్రలు నూరి జావలో కలిపేయొచ్చు.

నిదానంగా విడుదలయ్యే రకం వాల్‌ప్రోయేట్ మాత్రలు అసలు నూరకూడదు. ఫెనిటాయిన్ ఆహారంతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, ఎంత ఎడం ఇవ్వాలో రాసిన డాక్టర్నే అడగండి. మందుకి ముందూ తర్వాతా నీళ్లతో పైపు కడగాలి.

అపోహ: నోటితో తినడు కాబట్టి పళ్లు తోమక్కర్లేదు.

నోటితో తినని పిల్లలకే పళ్ల మీద గార ఎక్కువ పేరుకుంటుంది, ఆ క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో, బిడ్డని కూర్చోబెట్టి, నురగ ఎక్కువ రాని పేస్టు రొంత అద్ది తోమండి. నోట్లో నీళ్లు పోయొద్దు, తడిగుడ్డతో తుడవండి.