పాత వస్తువు ఆన్‌లైన్‌లో అమ్మాక బయ్యర్ కేస్ వేస్తే: అపోహలు - వాస్తవాలు

సెకండ్ హ్యాండ్ అమ్మకాల మీద వచ్చే ఫిర్యాదులు పరిశీలించడం నా ఉద్యోగం. ఇక్కడ కేస్ అంటే కోర్టు కేసు కాదు, బయ్యర్ వెబ్‌సైట్‌లో పెట్టే ఫిర్యాదు. నా ముందుకు వచ్చే ఫైల్‌లో ముఖ్యంగా ఉండేవి నాలుగు: లిస్టింగ్ (అమ్మకానికి పెట్టిన ప్రకటన), ఫొటోలు, ఇద్దరి మెసేజ్‌లు, పార్సిల్ ట్రాకింగ్. అమ్మినవాళ్లేమో తాము ఎంత నిజాయితీగా ఉంటారో పేజీల కొద్దీ రాస్తారు. నమ్మాలనే ఉంటుంది. కానీ వస్తువు ఇంటి గడప దాటకముందు ఏం రాశారు, ఏం ఫొటో తీశారు అన్నదాని మీదే నేను నిర్ణయం తీసుకోవాలి. అమ్మేవాళ్లను నిండా ముంచే నమ్మకాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నో రిటర్న్స్, యాజ్ ఈజ్" అని రాశాను కాబట్టి నాకు సంబంధం లేదు.

"వెనక్కి తీసుకోను, ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నాను" అనే ఆ మాట ఆపగలిగేది మనసు మార్చుకున్న బయ్యర్‌ను మాత్రమే. వచ్చిన వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదంటే అది పనిచేయదు. అమ్మకాల వెబ్‌సైట్ ఈబేలో రిటర్న్స్ తీసుకోనని పెట్టిన లిస్టింగ్ మీద కూడా, డెలివరీ అయిన 30 రోజుల లోపు బయ్యర్ ఈ కారణంతో కేస్ వేయవచ్చు. "బాగా పనిచేస్తుంది, యాజ్ ఈజ్" అని రాసి, వస్తువు ఆన్ కాకపోతే మేము చూసేది మొదటి రెండు మాటలనే.

"వాడిన గుర్తులు ఉన్నాయి" అనే వాక్యం కూడా అంతే, దేనికీ కొరగాదు. "ఎడమ మూలలో గీత ఉంది, బ్యాటరీ సామర్థ్యం 81 శాతం, హెడ్‌ఫోన్ జాక్ పనిచేయదు" అని రాసి, ఆ గీతను దగ్గర నుంచి ఫొటో తీసి పెడితే సగం గొడవలు పుట్టవు. లోపాలు చెబితే ధర పడిపోతుందని భయపడతారు. పడుతుంది, నిజమే. రిఫండ్‌తో పాటు రానూపోనూ పార్సిల్ ఖర్చు కూడా పోవడం కంటే అదే నయం. ఇంకొకటి: తెలిసిన లోపాన్ని "టెస్ట్ చేయలేదు" అనే మాట వెనక దాచకండి. అంతకు రెండు రోజుల ముందు ఇంకో బయ్యర్‌తో "అప్పుడప్పుడు ఆగిపోతుంది" అని మీరే చాట్‌లో అని ఉంటారు. ఆ చాట్ మాకు కనిపిస్తుంది.

అపోహ: డబ్బు ఖాతాలో పడింది, అమ్మకం అయిపోయింది.

ఫిర్యాదు గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వాడిన బట్టలు, వస్తువులు అమ్ముకునే వింటెడ్‌లో డెలివరీ అయ్యాక 2 రోజులు. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో చెల్లింపు జరిగిన తేదీ నుంచి 180 రోజులు. బయ్యర్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు దగ్గర చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకోవడం) కోరవచ్చు, దానికి చాలా కారణాల విషయంలో 120 రోజుల వరకు సమయం ఉంటుంది. వెబ్‌సైట్‌లో కేస్ మీరు గెలిచినా బయ్యర్ బ్యాంకుకు వెళ్లే దారి మూసుకుపోదు. అక్కడ తీర్పు బ్యాంకుది. అందుకే ఫొటోలు, రసీదులు, చాట్ స్క్రీన్‌షాట్‌లు ఆరు నెలల పాటు డిలీట్ చేయకండి.

అపోహ: ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని ఉంటే గెలిచినట్టే.

"వస్తువు అందలేదు" అన్న ఫిర్యాదుకు ఇది మంచి జవాబే. "చెప్పినట్టు లేదు" అన్న ఫిర్యాదుకు దీనితో పని లేదు. అమ్మేవాళ్లకు పేపాల్ ఇచ్చే రక్షణ, సెల్లర్ ప్రొటెక్షన్ కూడా ఈ రెండో రకాన్ని కవర్ చేయదు. పైగా ఆర్డర్‌లో ఉన్న అడ్రస్‌కే పార్సిల్ వెళ్లి ఉండాలి. "మా తమ్ముడి అడ్రస్‌కు పంపండి ప్లీజ్" అని మెసేజ్ వస్తే, ఆర్డర్ క్యాన్సిల్ చేసి కొత్త అడ్రస్‌తో మళ్లీ పెట్టమనండి.

ఖాళీ పెట్టె వచ్చిందనే ఫిర్యాదుల్లో మాత్రం ఒక చిన్న కాగితం బాగా అక్కరకు వస్తుంది: బరువు రాసి ఉన్న పార్సిల్ రసీదు. రెండు కిలోల పెట్టె దారిలో ఎక్కడ తూచినా రెండు కిలోలే చూపిస్తే, ఖాళీదని ఒప్పించడం కష్టం.

అపోహ: ప్యాకింగ్ వీడియో ఉంది, ఇక టెన్షన్ లేదు.

వీడియో ఉండటం మంచిదే, కానీ చాలా వీడియోల్లో కనిపించేది ఒక ఫోన్, ఒక పెట్టె, టేపు. అది ఏ ఫోన్? వస్తువు మారిపోయిందన్న గొడవల్లో నేను మొదట వెతికేది సీరియల్ నంబర్, ఫోన్ అయితే ఐఎంఇఐ (ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే నంబర్). అది వీడియోలో స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. తర్వాత వస్తువు ఆన్ అయి పనిచేయడం, దాని మీద గీతలు, ఆ వెంటనే ప్యాకింగ్, చివరగా అడ్రస్ లేబుల్. ఇవన్నీ మధ్యలో కట్ లేకుండా ఒకే వీడియోలో రావాలి.

మోసం చేసేవాళ్లు కొందరు వస్తువంతా మార్చరు. బయటి భాగం మీ వస్తువుదే ఉంటుంది, లోపలి బ్యాటరీయో బోర్డో వాళ్లది. అందుకే కెమెరా, ల్యాప్‌టాప్ లాంటివి అమ్మేటప్పుడు స్క్రూలను కూడా దగ్గరగా ఫొటో తీయమంటాను. విప్పిన స్క్రూ మీద గుర్తు పడితే తెలిసిపోతుంది.

అపోహ: కంప్లైంట్ పెట్టాడంటే మోసగాడే.

నేను చూసేవాటిలో ఎక్కువ భాగం మోసాలు కావు. ఐఫోన్ రీసెట్ చేశారు కానీ అందులోంచి తమ యాపిల్ ఖాతా తీయలేదు. కొన్నవాళ్లకు యాక్టివేషన్ లాక్ వచ్చింది, అంటే పాత ఓనర్ ఖాతా వివరాలు ఇస్తే తప్ప ఫోన్ తెరుచుకోదు. వాళ్ల దృష్టిలో అది పనికిరాని ఫోన్, అమ్మినవాళ్ల దృష్టిలో నిక్షేపంలాంటి ఫోన్. ఐక్లౌడ్‌లోకి వెళ్లి ఆ ఫోన్‌ను ఖాతా నుంచి తీసేస్తే ఐదు నిమిషాల్లో పోయే గొడవ ఇది. అప్పటికే ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనేసుకుని ఉంటారు.

కాబట్టి మొదటి జవాబు ఇలా ఉంటే చాలు: "ఇబ్బంది పడ్డందుకు సారీ అండి. స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో ఒక ఫొటో పంపగలరా? ఏ చార్జర్ వాడుతున్నారు? పెట్టె బయట ఎక్కడైనా నొక్కుకుపోయి ఉందా?" ఈ మెసేజ్ తర్వాత ఫైల్‌లో కూడా మీకు అనుకూలంగానే ఉంటుంది.

అపోహ: జవాబివ్వకపోతే విసిగిపోయి వదిలేస్తారు.

వదిలేయరు. ఈబేలో జవాబుకు 3 పనిదినాలు ఇస్తారు. మౌనంగా ఉంటే బయ్యర్ ఒక్కరి మాటే విని తేల్చేస్తారు.

అపోహ: డబ్బు వేరే యాప్‌లో పంపేసి బయట సెటిల్ చేసుకుంటే గొడవ పోతుంది.

అది మా రికార్డులో ఎక్కడా కనిపించదు. కేస్ తెరిచే ఉంటుంది, గడువు ముగిశాక రిఫండ్ మళ్లీ మీ ఖాతా నుంచే వెళ్తుంది. ఇచ్చేది ఎంతైనా కేస్ లోపలి నుంచే ఇవ్వండి. "ముందు కేస్ మూసేయండి, తర్వాత పంపిస్తాను" అని కూడా అడగకండి. పేపాల్‌లో ఒకసారి మూసిన వివాదాన్ని మళ్లీ తెరవడం కుదరదు, కాబట్టి ఒప్పుకోని బయ్యర్‌ను తప్పు పట్టలేం.

అపోహ: కొంత డబ్బు వెనక్కిస్తే పీడా పోతుంది.

మీరు గమనించని చిన్న లోపం నిజంగా ఉంటే పార్షియల్ రిఫండ్ న్యాయమే. కానీ ఫొటో పంపకముందే, లోపం ఏమిటో సరిగా చెప్పకముందే "ఇంత వెనక్కివ్వండి, వస్తువు ఉంచుకుంటాను" అని అంకెతో మొదలుపెట్టేవాళ్ల విషయంలో మీకు నేనిచ్చే సలహా ఒకటే: "రిటర్న్ పంపండి, నాకు అందిన తర్వాత మొత్తం ఇస్తాను" అనండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. రిఫండ్ ఇవ్వకపోతే ఒక్క స్టారే ఇస్తానని బెదిరిస్తే ఆ మెసేజ్‌ను అలాగే రిపోర్ట్ చేయండి.

రిటర్న్ నిజంగానే వచ్చిందనుకోండి, ఆ పార్సిల్‌ను కూడా కెమెరా ముందే తెరవండి. లేబుల్, బరువు, సీరియల్ నంబర్ పాత వీడియోతో పోల్చి చూడండి. వేరే వస్తువు వచ్చి ఉంటే రిఫండ్ బటన్ నొక్కకముందే, అదే రోజు రిపోర్ట్ పెట్టండి. నొక్కేశాక వచ్చిన ఫొటోలతో మేము చేయగలిగింది చాలా తక్కువ.