నీళ్ల క్యాన్లతో కారు స్ప్రింగు కొలత

కారు స్ప్రింగు ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే దాన్ని విప్పాల్సిన పనిలేదు. చదునైన నేల, ఒక టేపు, నాలుగు 20 లీటర్ల వాటర్ క్యాన్లు చాలు. అసలు విప్పకపోవడమే మేలు. మిల్లీమీటరుకు 20 న్యూటన్ల గట్టితనం ఉన్న స్ప్రింగును 150 మిల్లీమీటర్లు నొక్కితే అందులో 225 జౌళ్ల శక్తి చేరుతుంది. 23 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడితే ఎంత శక్తో, ఇదీ అంతే. ఇంట్లో జాకీతో నొక్కి చూద్దామని దయచేసి అనుకోవద్దు.

బరువు ఎంత పెరిగితే స్ప్రింగు అదే నిష్పత్తిలో కుంగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. అందుకే కారు మొత్తం బరువుతో మనకు పనిలేదు. కొత్తగా ఎంత బరువు పెట్టాం, దానికి ఎంత కుంగింది, ఈ రెండే కావాలి.

వెనక చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అణగడం కూడా లెక్కలో కలిసిపోతుంది. క్యాన్లను డిక్కీలో వెనక సీటుకు ఆనించి, వెనక ఇరుసుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. ముందు, వెనక ఇరుసుల మధ్య 2.5 మీటర్లున్న కారులో అవి 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే వెనక ఇరుసు మీద భారం 12 శాతం పెరుగుతుంది. చక్రాన్ని కారుకు కలిపే కీళ్లలోని రబ్బరు బుష్‌ల పట్టు వల్ల కారు ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి ప్రతిసారీ రెండుమూడు సార్లు ఊపి, కుదురుకున్నాక కొలవండి. క్యాన్లు ఒక్కొక్కటే పెడుతూ, మళ్లీ తీస్తూ కొలిచి సగటు తీసుకుంటే ఇంకా మంచిది.

80 కిలోలకు రెండు వైపులా 20 మిల్లీమీటర్ల చొప్పున కుంగిందనుకుందాం. ఒక్కో వైపు భారం 40 కిలోలు, అంటే సుమారు 392 న్యూటన్లు. మిల్లీమీటరుకు 19.6 న్యూటన్లు. ఇది చక్రం దగ్గరి లెక్క. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్ప్రింగు 8 మాత్రమే కదిలే అమరిక అయితే, 0.8 వర్గంతో భాగించాలి. అసలు స్ప్రింగు గట్టితనం 30.6 అవుతుంది.

బరువు పెట్టకుండా సూత్రంతో లెక్కకట్టే పద్ధతీ ఉంది. కానీ అందులో తీగ మందం నాలుగో ఘాతంలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల తీగ మీద పెయింటుతో కలిపి 12.4 అని వెర్నియర్‌లో చదివితే జవాబు 14 శాతం ఎక్కువ వస్తుంది. పైగా చివరి చుట్లలో ఏవి పనిచేస్తున్నాయో, ఏవి ఊరికే ఆనుకుని ఉన్నాయో తేల్చాలి. నేను క్యాన్లనే నమ్ముతాను. అయితే ఆ సూత్రం ఒక మంచి విషయం చెబుతుంది: చుట్లు తగ్గితే గట్టితనం పెరుగుతుంది. కారు కిందికి దించడానికి ఆరు చుట్లలో ఒకటి కోయిస్తే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. గుంతల్లో నడుముకు తెలిసేది అదే.

పాత కారు వెనక భాగం దిగిపోతే స్ప్రింగులు మెత్తబడ్డాయంటారు. కొలిచి చూస్తే గట్టితనం దాదాపు అలాగే ఉంటుంది. ఉక్కుకుండే ఆ గుణం వయసుతో పెద్దగా మారదు. తగ్గేది స్ప్రింగు పొడవు. గుంత దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటే చూడాల్సింది షాక్ అబ్జార్బర్లను. ఒక పక్క మాత్రమే కిందికి దిగి, బరువు పెట్టినప్పుడు రెండో పక్క కంటే తక్కువ కుంగితే చుట్టు విరిగి ఉండొచ్చు. టార్చి వేసి స్ప్రింగు అడుగు భాగం చూడండి.