పెళ్లయితే సర్దుకుంటుందా? అమ్మాయిల మానసిక ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

సైకియాట్రీ ఓపీకి వచ్చే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయిల్లో నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. గుండె దడకు ఈసీజీ, నీరసానికి థైరాయిడ్, తలనొప్పికి స్కానింగ్ అన్నీ చేయించి, అన్నీ నార్మల్ అన్న ఫైలు పట్టుకుని వస్తారు. ఆ పరీక్షలు వృథా అనను. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా దిగులుగా, నీరసంగానే కనిపిస్తాయి. అవి లేవని తేలాక కూడా నెలల తరబడి ఆగడమే నష్టం. అమ్మాయిని అడిగితే తల్లి జవాబు చెబుతుంది: "ఏం లేదు మేడమ్, ఊరికే టెన్షన్ పడుతుంది." "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాకే అసలు మాట బయటికొస్తుంది.

అపోహ: ఈ వయసులో మామూలే, పెళ్లయితే సర్దుకుంటుంది.

వాస్తవం: మానసిక సమస్యల్లో ఎక్కువ భాగం 25 ఏళ్లలోపే మొదలవుతాయి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, నిద్ర, ఆకలి తప్పడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం ఉంటే డాక్టరుకు చూపించాలి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు ఒత్తిడి పెంచుతారే గానీ జబ్బు తగ్గించరు. ఒకసారి డిప్రెషన్ వచ్చిన వాళ్లకు కాన్పు తర్వాత మళ్లీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే.

అపోహ: మాత్రలు అలవాటైపోతాయి. సంబంధం కుదిరితే ఆపేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పెళ్లిచూపులు అనుకోగానే మాత్రలు ఆపించేస్తారు. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మత్తుమందులు కావు. గుణం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, చిరాకు, నిద్ర పట్టదు. అది చూసి "చూశారా, అలవాటైపోయింది" అంటారు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. అలవాటయ్యేవి ఆందోళన తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రజోలం లాంటివి, అందుకే కొద్దిరోజులకే రాస్తాం. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

పెళ్లి అనుకుంటున్నారని మాకు ముందే చెప్పండి. ఉదాహరణకు బైపోలార్‌కు (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు) వాడే వాల్ప్రోయేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది, ముందే తెలిస్తే మందు మారుస్తాం. అబ్బాయికి చెప్పాలా అని తల్లులు అడుగుతారు. నిర్ణయం అమ్మాయిదే. చెప్పమనే నేనంటాను, ఎందుకంటే అత్తగారింట్లో దాచుకుని మాత్రలు వేసుకునే అమ్మాయి మొదట మానేసేది ఆ మాత్రలే.

అపోహ: చెప్పిందంతా డాక్టరు ఇంట్లో చెప్పేస్తారు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. 18 నిండిన అమ్మాయి ఒంటరిగా వచ్చి చూపించుకోవచ్చు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తాం.

వాస్తవం: పుట్టదు. "చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. చాలామందికి తమను ఒకరు అడిగారన్నదే ఊరట. అవునంటే తిట్టవద్దు, ఒంటరిగా వదలవద్దు, దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ప్రమాదం అంత దగ్గర్లో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

హాస్టల్లో ఉన్న అమ్మాయికైతే ఇంకో దారి కూడా ఉండాలి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని అందులో ఉంది. ఫీజు కట్టేటప్పుడే "మీ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు?" అని అడగండి.