బ్రేక్ ఆయిల్ ఎండకు ఆవిరైపోదు: పాత కార్ల గురించిన అపోహలు, వాస్తవాలు

కడపలో ఎండలు ముదరగానే అంబాసిడర్, పద్మిని కార్లు ఉన్నవారు మా షెడ్డుకు వచ్చి చెప్పే మాట ఒకటే: "అన్నా, ఎండకు ఆయిల్ ఆవిరైపోతాంది, పైన ఇంత పోసియ్యి చాలు." ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే కనుక ముందుగా దీని సంగతే రాస్తున్నాను.

డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, 3.7 శాతం నీరు చేరిన తరువాత కూడా 140 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. మన ఎండ 45 డిగ్రీలకు చేరినా మూత బిగించిన డబ్బాలోని ఆయిల్ తరగదు. బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. డ్రమ్ బ్రేకుల బండిలో అది పదేపదే తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్ (ఆయిల్ వెళ్లే దారి) ఉంటుంది కాబట్టి, గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఒక్క వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్ షూలను నెట్టే చిన్న సిలిండర్) చేతులెత్తేసినా పెడల్ నేలకు ఆనుతుంది, హ్యాండ్ బ్రేకు తప్ప వేరే ఆధారం మిగలదు.

"కింద చుక్కయినా పడలేదు, ఇంక లీకెక్కడిది?" అన్నది దీనికి తోడబుట్టిన అపోహ. వీల్ సిలిండర్‌లోని కప్పు (ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు) అరిగితే ఆయిల్ మొదట సిలిండర్ చివరనుండే రబ్బరు బూటులో (తొడుగులో) నిలిచి, ఆ తరువాత బ్రేక్ షూలను తడుపుతుంది. నేల మీదికి వచ్చేది చివరగానే. వాక్యూమ్ బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో బ్రేకు బలం పెంచే డబ్బా) ఉన్న బండిలోనైతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే సిలిండర్) వెనుక సీలు పాడైనప్పుడు ఆయిల్ బూస్టర్‌లోకి జారి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి చేరి తెల్లపొగగా పోవచ్చు. రాయచోటి నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తండ్రిగారి జ్ఞాపకంగా దాచుకున్న అంబాసిడర్ బ్రేకు వేస్తే కుడివైపు లాగుతోందని వేరేచోట అలైన్‌మెంట్ చేయించారు, డిక్కీలో ఆయిల్ సీసా పెట్టుకుని పోస్తూ తిరిగారు. ముందు ఎడమ డ్రమ్ము విప్పితే షూలు రెండూ ఆయిల్‌లో నాని పట్టు కోల్పోయి ఉన్నాయి, బండి కుడికి లాగింది అందుకే. మనవరాళ్లను అదే బండిలో బడికి దింపుతున్నానని చెబుతూ ఆయన చాలాసేపు బల్ల మీదే కూర్చుండిపోయారు.

పరీక్ష కష్టమైనది కాదు. ఆయిల్ గీత దాకా పోసి, ప్రతి చక్రం కిందా మాస్టర్ సిలిండర్ కిందా అట్టలు పరిచి, ఒకరు పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి ఉంచాలి. తరువాత హోసులు, నిప్పిళ్లు (గాలి తీసే చిన్న మరలు), పైపుల జాయింట్లు చేత్తో తడిమి, డ్రమ్ములు విప్పి బూట్ల అంచులు ఎత్తి చూడాలి. డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పెడల్ మాత్రం మెల్లగా దిగిపోతుంటే చాలాసార్లు లోపం మాస్టర్ సిలిండర్ లోపలి కప్పులదే. వెనుక డ్రమ్ము తడిగా ఉంటే ఆ తడిని కొంచెం నీళ్లలో వేయండి: బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది, యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేరాయిల్ పైకి తేలుతుంది.

అవసరానికి ఇంజిన్ ఆయిల్ పోయవచ్చన్నది, కప్పులను పెట్రోలుతో కడగవచ్చన్నది శుద్ధ తప్పు. రెండింటికీ రబ్బరు ఉబ్బిపోతుంది. ముందు డిస్కులున్న మోడళ్లలో మాత్రం ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ నెలల తరబడి మెల్లగా దిగడం సహజమే, దానికి భయపడనక్కరలేదు. లీకు బయటపడగానే బండి అమ్మేయాలేమోనని కంగారుపడేవారిని చూస్తే బాధ కలుగుతుంది. సిలిండర్ లోపలి గోడ గీతలు పడకుండా నున్నగా ఉంటే కొత్త కప్పుల కిట్టు వేసి పైపుల్లోని ఎయిర్ తీస్తే చాలు. నానిన షూలను మాత్రం ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ వాడకుండా, ఎదుటి చక్రానివి కూడా కలిపి కొత్తవి వేయించండి.