ఆ 40 లక్షలు చందాకు కాదు

ఒక వ్యక్తి రాజకీయ పార్టీలకిచ్చే చందాకు పరిమితి పెట్టాలని సంతకాలు సేకరిస్తున్నాం. బస్తీ మీటింగ్ ఎక్కడ పెట్టినా ఇదే ప్రశ్న. మొన్న ముషీరాబాద్‌లోనూ ఒకాయన లేచి అడిగారు: "ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షల పరిమితి ఉంది కదా సార్, మళ్లీ ఈ సంతకాలెందుకు?"

ఉంది. అది అభ్యర్థి పెట్టే ఖర్చుకు. లోక్‌సభకైతే 95 లక్షలు. పార్టీ తన పేరున పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఒక మనిషి పార్టీకి ఎంత ఇవ్వొచ్చన్నదానికీ లేదు. నగదు 2,000 దాటకూడదు, 20,000 దాటిన చందా వివరం ఎన్నికల సంఘానికి చెప్పాలి, అంతే. కోటి ఇచ్చినా చెక్కు రూపంలో ఇస్తే చట్టబద్ధమే.

ఈ రెండు పరిమితులనూ కలగాపులగం చేయడం వల్ల జరిగే నష్టం కళ్లారా చూస్తున్నా. ఉప్పల్‌లో ఒక కాలనీ వాళ్లు ఎండలో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టారు. "చందా పరిమితిని అమలు చేయండి" అని ఎన్నికల అధికారులకు ఇచ్చారు. లేని పరిమితిని వాళ్లెలా అమలు చేస్తారు? చట్టం మార్చాల్సింది పార్లమెంటు. అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరైంది.

2023 అసెంబ్లీ ఎన్నికల తర్వాత ఒక అభ్యర్థి లెక్కలు చూడటానికి వెళ్లాను. రూపాయి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. హైదరాబాద్ జిల్లాకు జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) కమిషనరే ఎన్నికల అధికారి, లెక్కలు ఆయన ఆఫీసులోనే ఉంటాయి. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క. టీలు, కుర్చీలు, ఆటోకు కట్టిన మైకు, అన్నీ రేట్లతో సహా రాశారు. డబ్బు ఎక్కడిదంటే మాత్రం "పార్టీ ఇచ్చింది" అని ఒక్క ముక్క. ఆ పార్టీకి ఎవరిచ్చారో అందులో ఉండదు. మనం అడుగుతున్నది ఆ చోట పరిమితి.

"బాండ్లు రద్దయ్యాయి, ఇంకేం కావాలి" అనేవాళ్లకు: ఎన్నికల బాండ్లంటే పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే పత్రాలు. 2024 ఫిబ్రవరి 15 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ఆ రహస్యం పోయింది, కంపెనీలకు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం అన్న పాత హద్దు తిరిగొచ్చింది. వ్యక్తులకు ఏ హద్దూ రాలేదు. "మామూలు జనం వల్ల ఏమవుతుంది" అంటారా, ఆ కేసు వేసినవాళ్లలో ఏడీఆర్, కామన్ కాజ్ లాంటి పౌర సంస్థలున్నాయి. 2017లో వేశారు, దాదాపు ఏడేళ్లు పట్టుబట్టారు.

సంతకం పెడితే ఐటీ నోటీసు వస్తుందన్న వాట్సాప్ పుకారు శుద్ధ అబద్ధం. రిటైరైన టీచరమ్మ ఒకావిడ "పింఛను ఆపేయరు కదా బాబూ" అని భయంభయంగా అడిగారు. ఆపరమ్మా. ఇది వినతిపత్రం, నేరం కాదు. ఆవిడ భయాన్ని తప్పుపట్టను, ఇలాంటివి పుట్టించేవాళ్ల మీదే నా కోపం.

కాగితం మీద మొదటి వాక్యం ఇలా రాయండి: "ఒక వ్యక్తి ఒక ఏడాదిలో రాజకీయ పార్టీలకు ఇచ్చే మొత్తానికి గరిష్ఠ పరిమితి విధిస్తూ ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించాలి." కింద మీ ఎంపీ పేరు రాసి, ఆయన చేతికే ఇవ్వండి.